కంచములో కానవచ్చు కృప

దేవుని సంరక్షణ మనగానే మనలో పలువురకు అద్భుతములే తలపునకు వచ్చును. వైద్యులు విడిచిన రోగి లేచి నడచుట, పడవ మునిగినను ప్రాణము దక్కుట, ఫీజు కట్టవలసిన దినముననే ఎవరో ధనము పంపుట, ఇట్టివే సాక్ష్యకూటములయందు చెప్పబడుచున్నవి. ఇట్టివే శ్రద్ధగా వినబడుచున్నవి. ప్రొద్దున కుళాయిలో నీరు వచ్చినదనియు, మధ్యాహ్నము అన్నము దొరకినదనియు, రాత్రి కంటికి నిద్ర వచ్చినదనియు లేచి నిలిచి సాక్ష్యమిచ్చినవారిని మేము చూచి యుండలేదు. ఇది మన భక్తిలో నొక కొఱత యని మా యభిప్రాయము. ఆ కొఱత చిన్నది కాదనియు, దానివలన చదువుకొను పిల్లల మనస్సులకు హాని కలుగుచున్నదనియు చదువరులకు మనవి చేయుచున్నాము.

మొదటి హాని యిది. ఏ వింతయు జరుగని యింట పెరుగు బాలు డొకడు కలడనుకొందము. తండ్రి కూలికి పోవును. తల్లి ఇల్లు గడుపును. ఏ పూట కాపూట జరిగిపోవును. ఆదివారమున ఇతరుల గొప్ప సాక్ష్యములు వినునప్పుడు వాని కేమి తోచును? దేవుడు పొరుగువారి గడప త్రొక్కుచున్నాడు గాని తన గడప త్రొక్కుట లేదని తోచును. నిజమునకు పదునైదేండ్లుగా ఆ యింట పొయ్యి వెలుగుచునే యున్నది. వాని చొక్కా చినిగినప్పుడెల్ల తల్లి దానిని కుట్టుచునే యున్నది. ఇవి లెక్కకు రావని వానికి నోటితో ఎవ్వరును చెప్పలేదు; కాని పెద్దలు ఎన్నడును ఎత్తని మాటను లెక్కకు రానిదిగానే పిల్లలు గ్రహింతురు.

రెండవ హాని ఇంకను లోతైనది. ఒక బస్సు బోల్తాపడి పలువురు గతింపగా, ఒకడు గాయము లేక బయటపడెననుకొందము. అతడు మోకరించి కృతజ్ఞత చెల్లించుట న్యాయమే. కాని దేవుడు నన్ను ప్రేమించెను గనుకనే తప్పించెనని అతడు నలుగురిలో చెప్పినచో, ఆ బస్సులోనే కుమారుని పోగొట్టుకొనిన తల్లి ఆ మాట విని ఏమనుకొనవలెను? సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె పాపులని తలంపవలదని ప్రభువు తన యెదుట నున్నవారిని హెచ్చరించెను. చనిపోయినవారు అధిక పాపులు కానప్పుడు, బ్రదికినవారు అధిక ప్రియులని చెప్పుట ఎట్లు చెల్లును?

మన తీరదేశమున చినగంజాము, నౌపడ మొదలగు చోట్ల ఉప్పుమళ్లు కలవు. సముద్రపు నీటిని మళ్లలోనికి పాఱించి, ఎండకు ఇగురనిచ్చి, అడుగున పేరిన ఉప్పును లాగి కుప్పలు వేయుదురు. ఆ కాలమున ఒక గట్టి వాన కురిసెనా, పడిన కష్టమంతయు కరగిపోవును. అదే వానకొఱకు కొంత దూరముననే మెట్టరైతు ఆకసము చూచుచుండును. రైతు బిడ్డయు ఉప్పుకూలి బిడ్డయు ఒకే తరగతిలో ఒకే బల్లమీద కూర్చుండి ప్రార్థింతురు. వాన కురిసిన దినమున దేవుడు ఎవని పక్షమున నుండెను? ఎండవానలు తన వారికి మాత్రమే పంచిపెట్టు దేవుని నమ్మువాడు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేడు. మంచివారు చెడ్డవారను భేదము లేక ఎండయు వానయు పంపబడునని కొండమీది ప్రసంగమున బోధింపబడినది. కావున మనకు మాత్రము కలిసివచ్చిన సంఘటనలలో గాక, అందఱకు ఉమ్మడిగా అందుచున్న మేలులలో సంరక్షణ జాడలను వెదకుట యుక్తము. రైతు పండించిన అన్నములో కూలి తీసిన ఉప్పు పడినప్పుడే గదా ఇరువురి బిడ్డలకును భోజనమగుట.

ఈ విషయమై వేదమున మాకు మిక్కిలి ప్రియమైనది రూతు గ్రంథము. ఉన్నవి నాలుగే అధ్యాయములు. అందు సముద్రము పాయలగుట లేదు. ఆకసమునుండి అగ్ని దిగుట లేదు. దేవదూత కనబడుట లేదు. కథ కఱవుతో మొదలగును. రొట్టెల యిల్లని పేరుగల బేత్లెహేములోనే రొట్టె లేకపోయెను. నయోమి కుటుంబముతో పరదేశమునకు పోయి, అక్కడ భర్తను, ఇద్దఱు కుమారులను పోగొట్టుకొని, మోయాబీయురాలగు కోడలితో వట్టిచేతుల మరలివచ్చెను. తన బ్రదుకు చేదైనదని ఊరి స్త్రీలయెదుట చెప్పుకొనెను. అవి యవల కోత మొదలైన దినములు. రూతు ఆ పూట గింజలకై పరిగె ఏఱుకొన బోయెను. ఆమె అడుగుపెట్టిన చేను బోయజుదగుట కేవలము తటస్థించిన విషయమైనట్లు గ్రంథకర్త చెప్పి ఊరకుండెను.

పరిగె యనగా నేమో పట్టణపు పిల్లలకు తెలియకపోవచ్చును. కోత కోసి పనలు కట్టునప్పుడు చేనిలో రాలి మిగిలిన వెన్నులను పేదలు ఏఱుకొనుటయే పరిగె. మన పల్లెలలోను ఈ యాచారము చిరకాలముగా నున్నది; కోతయంత్రములు వచ్చిన పిమ్మట తఱుగుచున్నది. అయితే ఇశ్రాయేలీయులలో నిది ఆచారము మాత్రమే కాదు, శాసనము. చేని అంచులవఱకు కోయరాదనియు, రాలినదానిని యజమానుడు ఏఱుకొనరాదనియు, దానిని బీదలకును పరదేశులకును విడువవలెననియు లేవీయకాండమున విధింపబడెను. కావున రూతు తిన్నది భిక్షాన్నము కాదు. న్యాయముగా తనకు చెందినదానిని ఆమె ఎండలో వంగి ఏఱుకొని తెచ్చుకొనెను.

బోయజు శాసనమును మించి నడచెను. ఆమెను కోతవారి ప్రక్కన కూర్చుండనిచ్చి పేలాలు తినబెట్టెను. పనలలోనుండి కొన్ని పిడికెళ్లు కావలెననియే జాఱవిడిచి పొండనియు, ఆమెను గద్దింపవలదనియు పనివారికి చెప్పెను. ఇచ్చుచున్నట్లు కనబడకుండ ఇచ్చుటకంటె మర్యాద మఱియేమి కలదు? సాయంకాలమునకు ఆమె దుళ్లగొట్టిన గింజలు తూమెడయ్యెను. తాను తిని మిగిల్చిన పేలాలను అత్తకై దాచి తెచ్చెను. బ్రదుకు చేదైనదనిన నయోమియే అప్పుడు దేవుని స్తుతించెను. ఇంతకు ఆ దినమున జరిగిన వింత యేమి? ఒక కోడలు పనికి పోయెను. ఒక న్యాయమైన శాసనము పాటింపబడెను. ఒక యజమానుడు మర్యాదగా నడచెను. మిగిలినది పంచుకొనబడెను. ఈ నాలుగు మెట్లమీదుగా దేవుని సంరక్షణ ఆ యింటికి దిగివచ్చెను.

మా వాదమంతయు ఇదియే. దేవుడు సాధారణముగా మనలను పోషించుట మనుష్యుల చేతులద్వారానే. పనిచేయు చేయి, శాసనము వ్రాయు చేయి, జాఱవిడుచు చేయి, దాచి తెచ్చు చేయి, ఇవి యన్నియు ఆయన పాత్రలే. ఈ చేతులను గుర్తింపని కృతజ్ఞత సగము కృతజ్ఞతయే యగును.

మన దేశచరిత్రలోనే దీనికి తార్కాణములు కలవు. 1832–33 సంవత్సరములలో వచ్చిన నందన కఱవు గుంటూరు సీమను పాడుపెట్టెను. తూర్పుతీరమున జనులు ఆకలికి చచ్చుచుండగా గోదావరి కృష్ణల నీరు వృథాగా సముద్రము పాలగుచుండెను. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున 1847లో ఆనకట్ట పని మొదలిడి 1852 నాటికి ముగింపజేసెను. ఆయన భక్తిగల క్రైస్తవుడు. అయితే ఆ భక్తి ప్రార్థనలతో ఆగక కొలతలలోను, కాలువల వాలులోను, పైయధికారులకు విసుగులేక వ్రాసిన నివేదికలలోను కనబడెను. రాయి మోసి మన్ను త్రవ్విన కూలివారు వేలకొలది. వారి పేర్లు మనకు దక్కలేదు. నేడు డెల్టాలో ఒక బిడ్డ కంచమునకు వచ్చు అన్నములో పేరు తెలియని ఆ చేతుల పాలు కలదు.

తరువాతి ధాత కఱవు 1876 మొదలు 1878 వఱకు దక్షిణ హిందూదేశమును వేధించెను. అప్పుడు ఒంగోలులో నుండిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర తొలుత భూమి కొలుచు విద్య నేర్చినవాడు. ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండగా ఆయన కొన్ని మైళ్ల పనిని కంట్రాక్టునకు తీసికొని, ఆకలిగొన్న వారికి పనియు కూలియు కల్పించెను. తెలుగు బోధకులే పనివారి గుంపులకు మేస్త్రీలైరి. అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకు ఆయన కఱవు దినములలో బాప్తిస్మములు నిలిపివేసెను. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము. దేవుని పేర పెట్టు అన్నమునకు వెల కట్టరాదని ఆయన యెఱుగును. ఆ కఱవులో ఆకసమునుండి మన్నా కురియలేదు. పలుగు, పార, దినకూలి యను రూపములలో అది అక్కడి వారికి అందెను.

ఇచ్చట నొక ఆక్షేపణ రాగలదు. అంతయు మనుష్యులే చేయుచుండగా నడుమ దేవుని పని యేమి యని పై తరగతి విద్యార్థులు అడుగవచ్చును. అడుగుట మంచిదే. ఒక గింజ మొలకెత్తుటకు కావలసిన వెలుతురును, తేమను, దానిలోని జీవమును ఏ రైతును చేయలేదు. రైతు చేసినది చోటు సిద్ధపఱచుట మాత్రమే. మఱియు పరులకై పాటుపడవలెనను తలపు మనుష్యులలో పుట్టుటయు మాకు మొలకవంటిదిగానే తోచుచున్నది. శాస్త్రము ఆ మొలక పెరిగిన విధమును చెప్పును. దానినిబట్టి స్తుతించుట విశ్వాసి పని. ఈ రెండింటికి కలహము లేదు.

ఆ చేయి మన సంఘములోనిదే కావలెనను నియమమును దేవుడు పెట్టలేదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ యను రోగముచే మరణించిరి. ఆయనయు దానిచేత బాధపడెను. చెన్నపట్టణమున వైద్యవిద్య ముగించి అమెరికాకు పోయి, రసాయన పరిశోధనలో జీవితమంతయు గడపి, 1948లో అక్కడనే గతించెను. ఆయన ఆధ్వర్యమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. నేడు మన ప్రభుత్వ పాఠశాలలలో రక్తహీనత నివారణకై వారమునకొకమాఱు ఇచ్చు చిన్న నీలిమాత్రలో ఇనుముతో కూడ నున్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆ మాత్రను ముఖము ముడిచికొని మ్రింగు బాలిక, తెలుగునాట ఒక యింట నిండిన దుఃఖమునుండియు పరదేశమున ఒక మనుష్యుని దీర్ఘశ్రమనుండియు పుట్టిన మేలును పుచ్చుకొనుచున్నది. ప్రార్థనలో దీనిని తలచిన వారెందఱు?

మఱియొక ఆక్షేపణ దీనికంటె బరువైనది. దేవుడు పోషించుచుండగా లోకమున ఆకలి యేల? దీనిని తేలికగా త్రోసిపుచ్చు బోధకుని పిల్లలు నమ్మరు, నమ్మనక్కఱలేదు. ప్రభువు అయిదు రొట్టెలు విఱిచి జనసమూహమునకు తానే పంచలేదు, శిష్యుల చేతికిచ్చెను. జనులు నూర్గురు, ఏబదిమంది చొప్పున వరుసలుగా కూర్చుండిరి. ఒక శిష్యుడు తన చేతికి వచ్చినదానిని ఒడిలో పెట్టుకొని కూర్చుండెనేని, రొట్టె విఱుగుచుండినను అతని వరుసవారు పస్తుండవలసినదే. మన కాలపు ఆకలిలో చాల భాగము ఇట్టిదని మా నమ్మకము. ధాన్యము లేకగాదు, చేయి ముడుచుకొనుటవలన. అయితే లోకములోని దుఃఖమంతయు ఇట్లు వివరింపవచ్చునని మేము చెప్పము. పసిబిడ్డ జ్వరముతో పోయిన యింట ఏ వివరణయు పనికిరాదు. అట్టి చోట దేవుని సంరక్షణనుగూర్చి ఉపన్యసింపక, అన్నము వండి తీసికొనిపోయి ప్రక్కన కూర్చుండుటయే ధర్మము. ఆ గిన్నెడన్నమే అప్పటికి తగిన ఉపన్యాసము.

ఇక మన విద్యార్థులకు దగ్గఱ విషయమును చెప్పుదుము. 2001 నవంబరులో దేశపు అత్యున్నత న్యాయస్థానము ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వండిన భోజనము పెట్టవలెనని ఉత్తరువు చేసెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో మధ్యాహ్నభోజనము ప్రారంభమయ్యెను. పిమ్మట పై తరగతులకును వ్యాపించెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీనికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. కోనసీమలో లంకల గన్నవరమున నివసించి 1909లో గతించిన ఆ తల్లి, వచ్చినవా డెవడని అడుగక ఆకలిగొన్నవారి కెల్ల అన్నము పెట్టి పేరు పొందెను. పేరు తగినదే. అయితే మేము చెప్పదలచినది వేఱు. బడిలో భోజనముచేయు పిల్లలను, ఇంటినుండి డబ్బా తెచ్చుకొను పిల్లలు చులకనగా చూచుట కొన్ని చోట్ల కలదు. రెండవమాఱు అన్నము అడిగినవానిని చూచి నవ్వుటయు కలదు. రాత్రికి ఇంటివద్ద ఏమున్నదో తెలిసియే వాడు రెండవమాఱు అడుగుచుండవచ్చును. ఇది మేము సహింపరాని విషయము.

ప్రియ విద్యార్థులారా, బడిభోజనము భిక్ష కాదు. అది పరిగె. రూతునకు శాసనముచే చెందినట్లే ఆ బిడ్డకు న్యాయముచే చెందినది. దానిని పుచ్చుకొనువాడు తలవంచనక్కఱలేదు. పరిగె ఏఱినదానిని గద్దింపవలదని బోయజు పనివారికి చెప్పిన మాట, నవ్వువారలకు చెప్పినదిగా వినవలెను. తెల్లవాఱగనే ఇంటిపని ముగించుకొనివచ్చి, పెద్ద పాత్రలయొద్ద పొగలో నిలిచి వండు తల్లులకు దొరకు ప్రతిఫలము స్వల్పము. వారిని పేరు పెట్టి అమ్మా, అక్కా యని పిలిచి మంచి మాట చెప్పుట మీకు సాధ్యమే. కంచములో అన్నము పాఱవేయకుండుటయు సాధ్యమే. మన్నాను మఱునాటికై దాచుకొనిన వారికి అది పురుగుపట్టినదని నిర్గమకాండమున చదువుచున్నాము. అవసరమునకు మించి వడ్డించుకొని పాఱవేయువారికిని ఆ పాఠము చెందును.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆహారమునడుగు మాట బహువచనమున నున్నదని మన వ్యాకరణపు తరగతిలోనే చెప్పవచ్చును. నాకని అడుగుట అక్కడ నేర్పబడలేదు. ఆ ప్రార్థన చేసి లేచినవాడు, ప్రక్కవాని కంచము ఖాళీగా నున్నదో లేదో చూడక భోజనమునకు కూర్చున్నచో, తాను ఏమి అడిగెనో తానే ఎఱుగనివా డగును. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణమున దేశమంతయు మూతపడినప్పుడు ఈ బహువచనపు అర్థము పలువురకు తెలిసివచ్చెను. పనులు లేక పట్టణములనుండి నడచిపోవుచుండిన కూలివారికి త్రోవపొడవునను కుండలో నీళ్లు, ఆకులో అన్నము పెట్టినవారు కలరు. పెట్టినవారిలో అనేకులు తాము కూడ రేపటికి లేనివారే.

ఇందునుగూర్చి మాదొక చిన్న సూచన కలదు. రాత్రి నిద్రించుటకు ముందు ఆ దినమున పొందిన మేలు నొకదానిని పేరు పెట్టి తలచుకొనుడు. అది ఎంత చిన్నదైనను సరే: ఒక గ్లాసు మజ్జిగ, పొరుగు బాలుడు ఎరవిచ్చిన కలము, వానలో గొడుగు పట్టిన పెద్దమనుష్యుడు, బస్సు కదలక ముందు ఒక క్షణము ఆపిన కండక్టరు. పిమ్మట అది ఎవరెవరి చేతులమీదుగా వచ్చినదో కనీసము మువ్వురిని లెక్కించుడు. మజ్జిగ వెనుక గేదెను మేపినవాడు, పాలు పితికినది, తోడుపెట్టి చిలికినది కలరు. తుదకు ఆ దినమున మీ చేతిమీదుగా ఎవరికేమి పోయినదో అడుగుకొనుడు. ఏమియు పోలేదని తేలిన దినమున వగచుచు కూర్చుండవలదు. మఱునాడు ఉదయమున ఆ పనితోనే మొదలిడుడు.

తలిదండ్రులకును ఉపాధ్యాయులకును మా మనవి యొకటి కలదు. పిల్లలు వినుచుండగా చెప్పు సాక్ష్యములలో సామాన్యమైన మేలులకు చోటిండు. జీతము ఆలస్యమైన నెలలో అప్పు పెట్టిన కొట్టువానినిగూర్చి చెప్పుడు. జ్వరము వచ్చిన రాత్రి తోడు నిలిచిన పొరుగింటి ముసలమ్మనుగూర్చి చెప్పుడు. వింతలు జరిగిన చెప్పవలదని మేము అనము. అవి పండుగ పిండివంటల వంటివి. పండుగనాడు అవి శోభించును. కాని బిడ్డ ఎదుగునది దినదినము తిను అన్నముతోనే. దేవుడు తమ గడప త్రొక్కలేదని తలచుచున్న బాలుడు మనలో ప్రతి తరగతిలోను ఒకడైనను కూర్చుండియున్నాడు. ఆయన ప్రతి ప్రొద్దున పొయ్యి రాజవేయు తల్లి చేతులతో ఆ గడప త్రొక్కుచునే యున్నాడని వానికి చెప్పువారు కావలెను. ఈ సంవత్సరము పాఠశాల విడిచి పోవు విద్యార్థులు, తాము పోవు చోట ఆ మాట చెప్పువారును, పనలలోనుండి పిడికెడు జాఱవిడుచువారును కాగలరని ఆశించుచున్నాము.